డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరుచుకోవట్లేదా? ఫార్మాట్ కొట్టించే ముందు ఇవి చూడండి

డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి డిస్‌ప్లే సెట్టింగ్స్ నొక్కితే ఏమీ జరగదు. లేదా విండో ఒక్క క్షణం కనబడి మాయమైపోతుంది. మన విశాఖలో డాబాగార్డెన్స్‌లోనో ద్వారకానగర్‌లోనో షాపుకి పట్టుకెళ్తే, "విండోస్ కొత్తగా వేయాలండీ" అనే అవకాశం ఉంది. తొందరపడి సరేననకండి. ఈ సమస్య చాలావరకు ఇంట్లోనే తేలిపోతుంది. పిల్లల ఫొటోలు, ప్రాజెక్టు రిపోర్టులు పోగొట్టుకోవాల్సినంత పెద్దది కాదు.

ముందు ఒకటి తేల్చుకోండి. మొరాయిస్తున్నది ఈ ఒక్క పేజీయేనా, సెట్టింగ్స్ మొత్తమా? విండోస్ కీ, ఐ కలిపి నొక్కండి. సెట్టింగ్స్ తెరుచుకుని, అందులో సిస్టమ్, డిస్‌ప్లే దాకా వెళ్లగలిగితే తప్పు డెస్క్‌టాప్ మెనూది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. విండోస్ ఎక్స్‌ప్లోరర్ మీద రైట్ క్లిక్ చేసి రీస్టార్ట్ ఇస్తే సరిపోతుంది.

కింద టాస్క్‌బార్‌లో గుర్తు ఉంది, తెర మీద విండో లేదు

రుషికొండ ఆఫీసుల్లో రెండు మానిటర్లతో పనిచేసేవాళ్లకి, ల్యాప్‌టాప్‌ని టీవీకి కలిపేవాళ్లకి ఇది ఎదురవుతుంది. టీవీ ఆపేసినా హెచ్‌డీఎంఐ కేబుల్ ఉంటే, రెండో తెర ఇంకా ఉందనే విండోస్ అనుకోవచ్చు. విండో అక్కడే తెరుచుకుని ఉంటుంది. కేబుల్ తీసేయండి. లేకపోతే విండోస్ కీ, పి నొక్కి పీసీ స్క్రీన్ ఓన్లీ ఎంచుకోండి.

తెరుచుకున్న వెంటనే మూసుకుపోతోంది

విండోస్ సొంత ఫైళ్లు పాడైతే ఇలా జరుగుతుంది. అప్‌డేట్ ఎక్కుతుండగా కరెంటు పోవడం దీనికి ఒక పెద్ద కారణం. అక్టోబరు, నవంబరు తుఫాను రోజుల్లో మన ఊళ్లో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. యూపీఎస్ లేని డెస్క్‌టాప్ అయితే ఆ రోజుల్లో అప్‌డేట్లు వాయిదా వేసుకోవడమే మంచిది.

స్టార్ట్ మెనూలో సీఎండీ అని వెతికి, రైట్ క్లిక్ చేసి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ ఇవ్వండి. వచ్చిన నల్ల విండోలో, ఇంగ్లీషు అక్షరాల్లో, ముందు "డిఐఎస్ఎమ్ /ఆన్‌లైన్ /క్లీనప్-ఇమేజ్ /రిస్టోర్‌హెల్త్" కొట్టండి. ప్రతి స్లాష్‌కి ముందు ఖాళీ ఉండాలి. నెట్ ఆన్‌లో ఉంచండి. మధ్యలో శాతం కదలకుండా ఆగిపోయినట్టు ఉంటుంది, టెన్షన్ పడి మూసేయకండి. అది పూర్తయ్యాక "ఎస్ఎఫ్‌సి /స్కాన్‌నౌ" కొట్టి, అదీ అయ్యాక కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి. ఈ వరుస మార్చొద్దు. మొదటిది మంచి ఫైళ్ల నిల్వను బాగుచేస్తుంది, రెండోది ఆ నిల్వలోంచి తెచ్చి పాడైనవాటి స్థానంలో పెడుతుంది.

అక్షరాలు పెద్దగా, బొమ్మ సాగినట్టుగా కూడా ఉంది

అయితే గ్రాఫిక్స్ డ్రైవర్‌ని, అంటే తెర మీద బొమ్మ వచ్చేలా చేసే సాఫ్ట్‌వేర్‌ని, అనుమానించాలి. విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ ఒకేసారి నొక్కండి. తెర ఒక్కసారి నల్లబడి తిరిగి వస్తుంది. డ్రైవర్ రీస్టార్ట్ అయిందన్నమాట. తేడా లేకపోతే విండోస్ కీ, ఎక్స్ నొక్కి డివైస్ మేనేజర్‌లోకి వెళ్లి, డిస్‌ప్లే అడాప్టర్స్ కింద ఏ పేరు ఉందో చూడండి. మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉంటే అసలు డ్రైవర్ పనిచేయట్లేదు. మీ ల్యాప్‌టాప్ మోడల్ నంబరుతో దాన్ని తయారుచేసిన కంపెనీ సైట్‌కి వెళ్లి డ్రైవర్ తెచ్చుకోండి. డ్రైవర్లన్నీ ఉచితంగా వేస్తామనే సాఫ్ట్‌వేర్ల జోలికి మాత్రం దయచేసి పోవద్దు. అవి పనికిరాని సరుకంతా తెచ్చి పెడతాయి.

ఆంక్షలు ఉన్నాయని, అడ్మినిస్ట్రేటర్‌ని అడగమని మెసేజ్ వస్తోంది

ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే మీ ఐటీ వాళ్లకి ఫోన్ చేయడమే దారి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నదైతే, పాత యజమాని పెట్టిన ఆంక్ష మిగిలిపోయి ఉండొచ్చు. విండోస్ ప్రో వెర్షన్‌లో గ్రూప్ పాలసీ ఎడిటర్ (ఇలాంటి ఆంక్షలు పెట్టే, తీసేసే చోటు) తెరిచి, యూజర్ కాన్ఫిగరేషన్, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, కంట్రోల్ ప్యానెల్ వరుసలో వెళ్లి, కంట్రోల్ ప్యానెల్‌ని నిషేధించే పాలసీని నాట్ కాన్ఫిగర్డ్ చేయండి. హోమ్ వెర్షన్‌లో ఈ ఎడిటర్ ఉండదు. అక్కడ రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే చోటు) మార్చాలి కాబట్టి తెలిసినవాళ్లని పక్కన కూర్చోబెట్టుకోండి.

ఇవేవీ పనిచేయలేదు

విండోస్ కీ, ఆర్ నొక్కి "నెట్‌ప్లవిజ్" అనే కమాండ్ ఇవ్వండి. ఇంగ్లీషులో ఎన్, ఇ, టి, పి, ఎల్, డబ్ల్యు, ఐ, జెడ్ అక్షరాలు. అక్కడ యాడ్ నొక్కి కొత్త యూజర్‌ని చేర్చి, ఆ పేరుతో లాగిన్ అవ్వండి. అందులో సెట్టింగ్స్ తెరుచుకుంటే పాడైంది మీ పాత ప్రొఫైలే. ఫైళ్లన్నీ కొత్తదాంట్లోకి మార్చుకుంటే పని అయిపోయినట్టే.

అక్కడా తెరుచుకోకపోతే ముఖ్యమైన ఫైళ్లని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, షిఫ్ట్ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ ఇవ్వండి. ట్రబుల్‌షూట్, రీసెట్ దిస్ పీసీ, కీప్ మై ఫైల్స్ ఎంచుకోండి. మీ ఫైళ్లు ఉంటాయి, మీరు వేసుకున్న ప్రోగ్రామ్‌లు పోతాయి. తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్, ట్యాలీ లాంటివి మళ్లీ వేసుకోవాలి కాబట్టి వాటి లైసెన్స్ నంబర్లు ముందే రాసి పెట్టుకోండి.