కొత్త డ్రోన్‌ను చింతచెట్టుకు తగలకుండా వెనక్కి తెచ్చుకోవడం ఎలా?

కర్నూలు జిల్లా తుగ్గలి మండలంలో తొలకరి పడిందంటే చేలల్లో జనం కనిపిస్తారు. జొన్నగిరి, పగిడిరాయి చుట్టుపక్కల ఎర్రనేలల్లో వానకు పైమట్టి కొట్టుకుపోయి రాళ్లు తేలతాయి. వాటిలో ఒక్క వజ్రమైనా దొరక్కపోదా అని ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి తల వంచుకుని వెతుకుతుంటారు. ఒక జూన్ ఆదివారం సాయంత్రం నేనూ ఆ చేలల్లోనే తల వంచుకుని వెతుకుతున్నాను. దారిన పోతున్న పెద్దాయన ఆగి, "ఏమైనా దొరికిందా నాయనా?" అని అడిగారు.

"రెక్క ఒకటి దొరికింది, ఇంకా మూడు కావాలి" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి తన దారిన వెళ్లిపోయారు.

నేను వెతుకుతున్నది డ్రోన్ ముక్కల్ని. స్నేహితుడి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొని అప్పటికి పదకొండు రోజులు. 249 గ్రాముల బరువు, మడిచి చొక్కా జేబులో పెట్టుకోగలిగినంత పరికరం. అక్క వాళ్ల ఊరికి వెళ్లినప్పుడు అందరి ముందూ గొప్పగా ఎగరేద్దామని ఊరి చివరి కళ్లంలో నిలబడి పైకి లేపాను. గాలి దాని వెనక నుంచి తోస్తోంది. వజ్రాలు వెతికే వాళ్లను పైనుంచి తీద్దామని ముందుకు తోస్తే ఏడు వందల మీటర్లు ఒక్క నిమిషంలో వెళ్లిపోయింది. బ్యాటరీ ముప్ఫై శాతానికి వచ్చి రిమోట్ కూతపెట్టగానే "రిటర్న్ టు హోమ్" బటన్ నొక్కాను. వెళ్లేటప్పుడు సెకనుకు పదమూడు మీటర్ల వేగం చూపించిన తెర, వచ్చేటప్పుడు నాలుగు చూపించింది. ఎదురుగాలి. రావడానికి మూడు నిమిషాలు పట్టింది. ఆ మూడు నిమిషాలూ నేను తెరమీది బ్యాటరీ అంకెను చూస్తున్నానే తప్ప ఆకాశం వైపు తలెత్తలేదు. అక్క కొడుక్కి తొమ్మిదేళ్లు. వాడే అరిచాడు: "మామా, చెట్టు!"

కళ్లానికీ చేనుకూ మధ్య పాత చింతచెట్టు ఒకటి ఉంది. చేటలో బియ్యం చెరిగిన చప్పుడు వచ్చింది. చింతాకు పొడిపొడిగా గాలిలో లేచింది. అంతే.

చార్జింగ్ ఇంకా ఇరవై ఒక్క శాతం మిగిలి ఉంది. యంత్రం తన పని తాను సరిగ్గానే చేసింది. నేను చేయాల్సిన పనులే మిగిలిపోయాయి. అవేమిటో వరుసగా చెబుతాను. కొత్తగా కొన్నవాళ్లు కనీసం మొదటి నెల ఈ వరుస తప్పకండి.

1. ఎగరేసే చోటు మ్యాపులో చూసుకోండి

దేశంలో డ్రోన్లకు వర్తించేవి 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నియమాలు. వాటి ప్రకారం ఆకాశాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా విభజించారు. డిజిటల్ స్కై అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లోని మ్యాపులో మీ ఊరు ఏ రంగులో ఉందో తెలుస్తుంది. ఆకుపచ్చలో 120 మీటర్ల ఎత్తు వరకు అనుమతి అడగక్కర్లేదు. మిగతా రెండు రంగుల్లో అనుమతి లేకుండా లేపకూడదు. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8, 12 కిలోమీటర్ల మధ్య ప్రాంతంలో 60 మీటర్ల వరకే ఆకుపచ్చ. కర్నూలు వాళ్లకు ఓర్వకల్లు, కడప వాళ్లకు వాళ్ల ఊరి విమానాశ్రయం, పుట్టపర్తి వైపు వాళ్లకు అక్కడి విమానాశ్రయం లెక్కలోకి వస్తాయి. ఓర్వకల్లు దగ్గర రక్షణ పరిశోధన సంస్థ పరీక్షా కేంద్రం కూడా ఉంది. 2025 ఏప్రిల్‌లో లేజర్ కిరణంతో డ్రోన్‌ను కూల్చే ప్రయోగం చేసి చూపించింది అక్కడే. అటువైపు సరదాగా వెళ్లే ముందు ఆ మాట గుర్తుంచుకోండి.

250 గ్రాములు దాటిన డ్రోన్‌ను రిజిస్టర్ చేసి నంబరు తీసుకోవాలి. రెండు కిలోల లోపు డ్రోన్‌ను సొంత సరదాకు ఎగరేస్తే పైలట్ సర్టిఫికెట్ అవసరం లేదు. అయితే 250 గ్రాములు దాటిన దానితో పెళ్లిళ్లు తీసి డబ్బు తీసుకుంటే అవసరం. ఎర్రగుడి అశోక శాసనాలు, గండికోట వంటి రక్షిత కట్టడాల దగ్గర, రోళ్లపాడు వంటి అభయారణ్యాల్లో సంబంధిత శాఖ అనుమతి లేకుండా పెట్టె తెరవకపోవడమే మేలు. చేను పక్కన ఎగరేసినా ఆ చేను ఎవరిదో వాళ్లకు ఒక మాట చెప్పండి. ఇది నియమాల పుస్తకంలో ఉన్న మాట కాదు, మర్యాద.

2. గాలిని నేల మీద కాదు, పైన కొలవండి

నేల మీద చెట్టాకు కదలకపోయినా యాభై మీటర్ల ఎత్తులో గాలి గట్టిగా ఉండవచ్చు. రాయలసీమలో జూన్ నుంచి ఆగస్టు వరకు నైరుతి గాలి జోరు. అనంతపురం, కర్నూలు జిల్లాల్లో గాలిమరలు ఎక్కువగా కరెంటు తీసేది ఆ నెలల్లోనే. నేను ఎంచుకున్నది కూడా ఆ నెలలనే.

డ్రోన్‌ను ముందు తల మీదుగా నిటారుగా ముప్ఫై, నలభై మీటర్లు పైకి తీసుకెళ్లి, రిమోట్ మీది స్టిక్‌లు వదిలేసి, పది సెకన్లు చూడండి. ఒక పక్కకు ఒరిగి నిలబడుతోందంటే ఆ పక్క నుంచి గాలి వస్తోందన్నమాట. బాగా ఒరిగినా, గాలి హెచ్చరిక వచ్చినా ఆ రోజుకు దించేయండి. నిలకడగా ఉంటే మొదట గాలికి ఎదురు వెళ్లండి. వెళ్లేటప్పుడు కష్టపడితే వచ్చేటప్పుడు గాలే తోసుకొస్తుంది. నేను చేసింది దీనికి తలకిందులు.

తిరుగు ప్రయాణంలో ఎదురుగాలికి చిక్కితే దారిలో అడ్డేమీ లేదని కళ్లతో చూసుకుని ఎత్తు తగ్గించండి. కింద గాలి జోరు తక్కువగా ఉంటుంది. అప్పటికీ రాకపోతే కనిపించే ఖాళీ చేలో దించేసి నడిచి వెళ్లి తెచ్చుకోండి. అందులో పరువు పోయేదేమీ లేదు. నా పరువు పోయింది చింతచెట్టు దగ్గర.

అన్నిటికంటే తేలికైన ఉపాయం పొద్దున్నే ఎగరేయడం. ఆరు నుంచి ఎనిమిది మధ్య గాలి సాధారణంగా మెత్తగా ఉంటుంది, వెలుగు కూడా బాగుంటుంది. పైగా మన ఎండ సంగతి తెలిసిందే. చిన్న డ్రోన్లు చాలావాటికి 40 డిగ్రీలే హద్దు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఎగరేస్తే డ్రోన్ కంటే ముందు ఫోను వేడెక్కి తెర మసకబారుతుంది. బ్యాటరీలను ఎండలో నిలిపిన కారులో అసలు వదలకండి.

3. తిరిగొచ్చే ఎత్తును ప్రతి చోటా కొత్తగా పెట్టుకోండి

నా డ్రోన్ పడింది ఈ ఒక్క అంకె వల్ల, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. రిటర్న్ బటన్ నొక్కగానే డ్రోన్ చేసేది చాలా అమాయకమైన పని. తాను ఉన్న ఎత్తు సెట్టింగులో రాసిన ఎత్తు కంటే తక్కువైతే, ముందు అక్కడిదాకా లేస్తుంది. తర్వాత లేచిన చోటికి గీత గీసినట్టు నేరుగా వస్తుంది. ఆ గీత మీద చెట్టుందా, టవరుందా, గుట్ట ఉందా అనేది చాలా చిన్న డ్రోన్లకు తెలియదు. కిందికి చూసే సెన్సర్లు మాత్రమే ఉన్న డ్రోన్‌కు ఎదురుగా ఉన్నది గోడైనా ఒకటే, ఆకాశమైనా ఒకటే. మీ మోడల్‌కు ముందు వైపు సెన్సర్లు ఉన్నాయో లేదో కొన్న రోజే చూసుకోండి. ఉన్నా కరెంటు తీగలను, ఎండుకొమ్మలను అవి పసిగడతాయని నమ్మవద్దు.

నాకు అమ్మిన స్నేహితుడు ఏదో మైదానంలో ఎగరేసుకుంటూ ఆ ఎత్తును ఇరవై మీటర్లకు పెట్టుకున్నాడు. నేను ఆ పేజీ తెరిచి కూడా చూడలేదు. పాత చింతచెట్టు ఇరవై మీటర్లు దాటడం వింతేమీ కాదు.

కాబట్టి ఇలా చేయండి. లేపే ముందు నిలబడ్డ చోటే ఒక చుట్టు తిరిగి, కనుచూపు మేరలో అన్నిటికంటే ఎత్తైనది ఏదో చూడండి. దాని ఎత్తు అంచనా వేసి, ఇంకో ఇరవై మీటర్లు కలిపి సెట్ చేయండి. అంచనా కుదరకపోతే డ్రోన్‌నే వాడుకోవచ్చు: చెట్టుకు దూరంగా నిలిపి, కెమెరాను సమంగా ఉంచి మెల్లగా పైకి లేపండి. చెట్టు చిటారు కొమ్మ తెర మధ్యగీత మీదికి వచ్చినప్పుడు కనిపించే అంకె ఆ చెట్టు ఎత్తు. సెల్ టవరో గాలిమరో దారిలో ఉంటే ఈ లెక్కలన్నీ వదిలేసి వేరే చోటు చూసుకోండి.

ఇంకో మెలిక ఉంది. తెర మీద కనిపించే ఎత్తు డ్రోన్ లేచిన చోటు నుంచి లెక్క, దాని కిందనున్న నేల నుంచి కాదు. కర్నూలు జగన్నాథగట్టు కింద నిలబడి లేపి, గట్టు వైపు యాభై మీటర్ల ఎత్తులో పంపితే అది గట్టుకే గుద్దుకోవచ్చు. లోయ అంచున దీనికి తిరగబడిన చిక్కు: లోపలికి దించితే అంకె సున్నా దాటి కిందికి పోతుంది, రాతిగోడలు అడ్డొచ్చి జీపీఎస్ సిగ్నలూ రిమోట్ సిగ్నలూ బలహీనపడతాయి. మొదటి నెలలో కొండలూ లోయలూ వద్దు.

రిటర్న్ బటన్ నొక్కాక కూడా పని మనదే. దారిలో అడ్డు కనిపిస్తే వెంటనే రద్దు చేసి చేత్తో నడపండి. రద్దు చేసేది ఏ బటనో నేల మీద ఉన్నప్పుడే నాలుగుసార్లు నొక్కి చూసి వేళ్లకు అలవాటు చేసుకోండి. నాకు ఆ రోజు అది ఎక్కడుందో కూడా తెలియదు.

4. హోమ్ పాయింట్ పడేదాకా ఆగండి

ఆన్ చేసిన తర్వాత ఉపగ్రహాల సంఖ్య పెరిగి, "హోమ్ పాయింట్", అంటే అది తిరిగి రావాల్సిన చోటు, నమోదైందని తెర చెప్పేదాకా నేల మీదే ఉంచండి. తొందరపడి ముందే లేపితే గాలిలో ఎక్కడో నమోదవుతుంది, తిరిగి అక్కడికే వెళ్తుంది. దిక్సూచిని సరిచేయమని అడిగితే మిద్దె మీదా ట్రాక్టర్ పక్కనా చేయకండి. మిద్దెలో ఉన్న ఇనుప చువ్వలు దాన్ని తప్పుదోవ పట్టిస్తాయి. ఖాళీ నేల మీదికి రండి. దుమ్ము లేవకుండా ఒక గోనెసంచి పరిస్తే చాలు.

5. బ్యాటరీని సగం సగం కాదు, మూడు వంతులుగా చూడండి

పెట్టె మీద ముప్ఫై నిమిషాలని రాసి ఉంటే అది గాలి లేనప్పటి మాట. ఇరవై అనుకోండి. వెళ్లడానికి ఒక వంతు, రావడానికి ఒక వంతు, ఊహించనిదానికి ఒక వంతు. పొద్దున వాడిన బ్యాటరీని సాయంత్రం మిగిలింది కదా అని ఎక్కించకండి. నేను ఎక్కించింది అలాంటిదే. అందుకే ముప్ఫై శాతం అంత తొందరగా వచ్చింది, తొందరగా రాబట్టే కంగారుపడ్డాను.

6. పక్కన ఒక మనిషిని నిలబెట్టండి

తెర చూసే కళ్లు రెండు, ఆకాశం చూసే కళ్లు రెండు కావాలి. డ్రోన్ కంటికి కనిపించనంత దూరం పంపకండి. ఏడు వందల మీటర్ల దూరంలో నా డ్రోన్ నాకు చుక్కలా కూడా కనిపించలేదు. తోడుగా నిలబడే మనిషి పెద్దవాడే కానక్కర్లేదు, గట్టిగా అరిచేవాడైతే చాలు. గద్ద వెంటపడితే చెప్పేది కూడా ఆ మనిషే. గద్ద పైనుంచి దూకుతుంది కాబట్టి అప్పుడు నిటారుగా పైకి లేపి, అది దూరమయ్యాక దించుకోండి. పిల్లలూ కోళ్లూ గేదెలూ ఉన్న వాకిట్లో మాత్రం లేపడం, దించడం రెండూ వద్దు. తిరిగే రెక్క వేలిని కోసేయగలదు. దిగుతున్న డ్రోన్‌ను చేత్తో పట్టుకోవాలన్న సరదా కూడా అప్పుడే తీర్చుకోవద్దు.

7. అయినా పడిపోతే

రిమోట్‌ను ఆపకండి. చివరిసారి డ్రోన్ ఉన్న చోటు మ్యాపులో కనిపిస్తుంది. చాలా మోడళ్లలో కూతపెట్టి దీపం వెలిగించే సదుపాయం ఉంటుంది. నాది చింతకొమ్మల్లోంచి జారి, గాలికి చేలో పడి, అక్కడి నుంచే కూస్తూ దొరికింది.

దొరకగానే మళ్లీ ఆన్ చేయాలనిపిస్తుంది, చేయకండి. ముందు బ్యాటరీ తీసి చూడండి. ఉబ్బినా, సొట్టపడినా, తియ్యటి రసాయన వాసన వచ్చినా ఇంట్లోకి తేవద్దు, చార్జింగ్ పెట్టవద్దు. లిథియం బ్యాటరీ దెబ్బతిన్న గంటల తర్వాత కూడా అంటుకోగలదు. ఇసుక పోసిన మట్టికుండలో పెట్టి ఆరుబయట ఉంచండి. తర్వాత దాన్ని ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వాలి, చెత్తబుట్టలో వేయకూడదు. మోటార్లను వేలితో మెల్లగా తిప్పండి. గరగరమంటే లోపల మట్టి చేరినట్టే. మెత్తటి కుంచెతో దులపండి, నోటితో ఊదకండి. గీత పడిన రెక్కను కూడా మార్చేయాలి. ఒక మోటారుకు ఉన్న రెండు రెక్కలనూ కలిపే మార్చండి, లేకపోతే వణుకు మొదలై వీడియో నీళ్లలో కదిలినట్టు వస్తుంది.

నాకు కెమెరా పట్టుకునే చిన్న చేయి విరిగింది. బాగుచేయించడానికి 8,500 రూపాయలు. బాగై వచ్చాక అదే కళ్లంలో, పొద్దున్న ఆరున్నరకు, రెండు మీటర్ల ఎత్తులో మూడు నిమిషాలు నిలబెట్టి ఉంచాను. తిరిగొచ్చే ఎత్తు నలభై ఐదు మీటర్లు. మా అల్లుడు మెడ వెనక్కి వాల్చి, కన్ను ఆర్పకుండా చూస్తూ నిలబడ్డాడు.

మిగతా ముక్కలన్నీ దొరికాయి గానీ కెమెరా ముందుండే చిన్న అద్దం మాత్రం ఆ చేలోనే ఉండిపోయింది. శనగగింజంత, ఎండ పడితే బాగా మెరుస్తుంది. ఈపాటికి ఎవరో ఒకరు ఏరుకుని భద్రంగా కొంగున ముడేసుకునే ఉంటారు.