మెదడు అలలు, మనసు కుదురు – నాలుగో పాఠం: దవడ వదలడం

పోయిన పాఠంలో చెప్పిన పని చేశారా? మంచం పక్కన కాగితం పెట్టుకుని, రాత్రి మెలకువ వచ్చినప్పుడల్లా టైమూ, ఒంట్లో ఎక్కడ బిగుసుకుని ఉందో ఒక్క మాటలో రాయమన్నాను. రాయకపోతే ఈ పాఠాన్ని ఇక్కడే ఆపి, మూడు రాత్రులు రాసి రండి. తొందరేం లేదు.

మా పిన్ని కొడుకు భీమవరం అవతల ఒక ఊళ్లో రెండు చెరువులు లీజుకు తీసుకుని వనామీ రకం రొయ్యలు వేస్తాడు. అడిగితే వాడు కూడా రాసిచ్చాడు. మేత లెక్కలు రాసుకునే పుస్తకంలోంచి చింపిన కాగితం. 2:50 దవడ. 3:10 దవడ. 2:40 భుజం. 3:05 దవడ.

రొయ్యల చెరువు ఉన్నవాళ్లకి ఆ టైము ఏమిటో చెప్పక్కర్లేదు. రాత్రంతా నీటిలోని నాచూ, రొయ్యలూ ఆక్సిజన్ వాడుకుంటూనే ఉంటాయి, వెలుతురు లేదు కాబట్టి కొత్తగా తయారవదు. డీఓ, అంటే నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్, బాగా పడిపోయేది తెల్లవారుజామునే. అప్పుడు కరెంటు పోయి నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే, జనరేటర్ వేసేలోపే నష్టం జరిగిపోవచ్చు. అందుకే వాడికి ఏరేటర్ల హోరులో హాయిగా నిద్ర పడుతుంది, హోరు ఆగితే ఠక్కున మెలకువ వస్తుంది. ఇంతవరకూ మెదడు చేస్తున్నది మంచి పనే. కాపలా కాస్తోంది.

కానీ ఆ కాగితం రాసేనాటికి రొయ్యల పట్టుబడి అయిపోయి నెల దాటింది. "చెరువులో చుక్క నీళ్లు లేవక్కా, నేల బీటలు తీసింది. మరి నేనెందుకు లేస్తున్నాను?" అన్నాడు. ఇవాళ్టి పాఠమంతా ఆ ఒక్క ప్రశ్నకే.

ప్రమాదం అనిపించగానే మెదడు లోపల అమిగ్డలా అనే చిన్న భాగం కేక వేస్తుంది. మెదడు అడుగునుండే హైపోథలామస్, పిట్యూటరీల మీదుగా ఆ కబురు మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులకు చేరి కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను విడుదలవుతుంది. ప్రమాదం గడిచాక కార్టిసాలే మెదడుకు 'ఇక చాలు' అని చెప్పి ఈ వరసను ఆపించాలి. నెలల తరబడి ఒత్తిడి సాగితే ఆ ఆపుదల మొద్దుబారుతుంది. దానికి తోడు ఇంకో రెండు సంగతులు. మన గాఢనిద్రలో ఎక్కువ భాగం రాత్రి మొదటి సగంలోనే అయిపోతుంది, మూడింటికి ఉండేది తేలిక నిద్ర. పైగా కార్టిసాల్ మామూలుగానే తెల్లవారుజామువైపు పెరుగుతూ వస్తుంది. అలవాటు పడ్డ కాపలాదారుకి ఆ టైములో మెలకువ రావడానికి చెరువు ఉండక్కర్లేదు.

ఇప్పుడు అలల దగ్గరికి వద్దాం. నేను చాలా ఏళ్లు ఈఈజీ, అంటే మెదడులోని విద్యుత్ సంకేతాలను నెత్తిమీద నుంచి పట్టి గీతలుగా చూపే పరీక్ష, తీసే పని చేశాను. మా కోనసీమలో ఆ పనికి మొదటి అడ్డంకి కొబ్బరినూనె. తలంటుకుని నూనె రాయకుండా రమ్మని ఎంత చెప్పినా, బయల్దేరేముందు పెద్దవాళ్లు ఓ చుక్క రాసి పంపేవారు. నూనె ఉంటే సంకేతాన్ని పట్టే బిళ్ల, ఎలక్ట్రోడు, నెత్తికి సరిగా అంటదు, సంకేతం రాదు. ఆ సంకేతం ఎంత చిన్నదంటే, టార్చిలైటు సెల్లు 1.5 వోల్టులైతే నెత్తిమీద మనం పట్టుకునేది 50 మైక్రోవోల్టుల (మైక్రోవోల్టంటే వోల్టులో పదిలక్షో వంతు) లెక్కన. అంటే దానిలో ముప్ఫైవేలో వంతు. లక్షల నాడీకణాలు ఒకే తాళంలో కదిలితేనే ఆ మాత్రమైనా బయటికి తెలుస్తుంది.

జర్మనీలో యేనా ఊళ్లో హాన్స్ బెర్గర్ అనే మానసిక వైద్యుడు 1924లో మొదటిసారి మనిషి మెదడు నుంచి ఈ సంకేతాన్ని పట్టాడు, 1929లో ప్రచురించాడు. సెకనుకు 8 నుంచి 13 సార్లు ఊగే అలకి ఆల్ఫా అనీ, అంతకంటే వేగంగా, చిన్నగా ఉండేదానికి బీటా అనీ పేరు పెట్టాడు. నెమ్మది అలలు థీటా, డెల్టా. వాటి పేర్లు తరవాత వచ్చాయి. గాఢనిద్రలో కనిపించే డెల్టా సెకనుకు నాలుగుకంటే తక్కువే. మనం ఉంటున్న గోదావరి డెల్టాకీ, ఆ అలకీ పేరు ఒకే గ్రీకు అక్షరం నుంచి వచ్చింది.

ఈఈజీ గదిలో నాకు ఎప్పుడూ విసుగురాని దృశ్యం ఒకటుంది. "కళ్లు మూసుకోండి" అంటాను. ఒకటి రెండు సెకన్లలో తల వెనక భాగం గీతల్లో సెకనుకు పదేసి చొప్పున నున్నటి అలలు లేస్తాయి. "తెరవండి" అంటాను. చప్పున పోతాయి. బెర్గర్ చూసింది ఇదే.

మరి ఆందోళనతో వచ్చినవారికి? కళ్లు మూయమన్నా చాలామందిలో ఆ అలలు సరిగా లేవవు. వస్తాయి, తెగిపోతాయి. ఇక కణతల దగ్గర గీతలు కుంచెతో నల్లరంగు పూసినట్టు దట్టంగా ఉంటాయి. కొత్తగా పనిలో చేరినప్పుడు అదంతా బీటానే అనుకున్నాను, 'పాపం, ఎంత ఆలోచనో' అనుకున్నాను. మా సీనియర్ వచ్చి, "అమ్మా, నోరు కొంచెం తెరిచి దవడ వదిలెయ్యండి" అన్నారు పేషెంటుతో. నలుపు అప్పటికప్పుడే విడిపోయింది, కింద సన్నటి గీత కనిపించింది. అది మెదడు కాదు, కండరం. పళ్లు బిగించినప్పుడు కణత కండరాల్లో పుట్టే విద్యుత్తు, మెదడు అలలకంటే ఎన్నో రెట్లు పెద్దది. నుదుటికి కట్టుకుని ఫోనులో 'మీ బీటా ఎక్కువ' అని చూపించే పట్టీలను నేను నమ్మకపోవడానికి ఇది పెద్ద కారణం. అవి కొలిచేది చాలాసార్లు బిగిసిన నుదుటినే.

ఇక్కడ కొంచెం నిలబడి ఒక మాట గట్టిగా చెప్పాలి. 'బీటా అంటే ఆందోళన, ఆల్ఫా అంటే ప్రశాంతత' అనేది సగం నిజం. నిద్రలేమి ఉన్నవారిలో నిద్రలో కూడా బీటా ఎక్కువగా కనిపిస్తుందని పలు పరిశోధనలు చూపాయి, నిజమే. కానీ ఆందోళన తగ్గించడానికి ఇచ్చే అల్ప్రజోలం లాంటి మాత్రలు వేసుకుంటే మనిషి నెమ్మదిస్తాడు, ఈఈజీలో బీటా మాత్రం పెరుగుతుంది. ఎంత ప్రశాంతంగా ఉన్నా ఆల్ఫా పెద్దగా కనిపించని ఆరోగ్యవంతులూ ఉన్నారు. అందుకే ఈఈజీ చూసి 'నీకు ఆందోళన ఉంది' అని ఏ డాక్టరూ రాసివ్వరు. మూర్ఛ ఉందా, స్పృహ ఎలా ఉంది అనేవాటికి అది అక్కరకొస్తుంది. అల గుర్తు మాత్రమే. దాన్ని పట్టుకుని లాగలేం. ఒంటిని వదులు చేయగలం.

1961లో ఢిల్లీ ఎయిమ్స్‌లో ఆనంద్, ఛీనా, బల్దేవ్ సింగ్‌లు ధ్యానంలో ఉన్న యోగుల ఈఈజీ తీశారు. వెలుగూ చప్పుడూ తగిలినా ధ్యానంలో ఉన్నంతసేపూ ఆల్ఫా చెదరలేదు. గొప్ప విషయమే. కానీ అది ఏళ్ల సాధన. మనకి కావలసింది అంతకంటే చాలా చిన్నది: మూడింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్రపట్టడం.

సాధన మొదలుపెడదాం. ముందు పగలు చేయండి, రాత్రికి తరవాత తీసుకెళ్దురుగాని.

కూర్చుని రెండు చేతుల వేళ్లూ కణతల మీద పెట్టండి. పళ్లు మెల్లిగా బిగించండి. వేళ్ల కింద ఉబ్బు తెలుస్తుంది. వదలండి. దిగుతుంది. బిగించి వదిలితేనే వదులంటే ఏమిటో ఒంటికి తెలుస్తుందనేది ఎడ్మండ్ జేకబ్సన్ అనే అమెరికన్ వైద్యుడు దాదాపు వందేళ్ల కిందట నేర్పిన పద్ధతి. మూడుసార్లు చాలు. ఇప్పుడు పెదాలు మూసి, పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య సందు ఉంచండి. నాలుక కొసను పై పళ్ల వెనక ఆనించండి. పని లేనప్పుడు దవడ ఉండాల్సిన తీరు ఇదే. తినేటప్పుడు తప్ప పళ్లు ఒకదానికొకటి తగలనక్కర్లేదు. ఈ సంగతి చెబితే చాలామంది ఆశ్చర్యపోతారు.

దవడ అలా వదిలి ఉంచి, ముక్కుతో నాలుగు లెక్కించే వరకు పీల్చండి, ఆరు లెక్కించే వరకు వదలండి. అంకెకో సెకను. నిమిషానికి ఆరు ఊపిరిలు. ఎడమ మణికట్టు మీద నాడి పట్టుకుని చూడండి: పీల్చేటప్పుడు కాస్త వడి, వదిలేటప్పుడు కాస్త నిదానం. చిన్నవయసువారికి ఇది బాగా తెలుస్తుంది, పెద్దవారికి తక్కువగా. వదిలే ఊపిరిలో మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ అనే నరం గుండెను నెమ్మదించమంటుంది కాబట్టే వదలడం పొడవుగా ఉంచుతున్నాం. గుండెల నిండా పీల్చొద్దు. తల తిరిగినట్టుంటే మీరు ఎక్కువ గాలి లాగుతున్నట్టు, తగ్గించండి. మొదటి వారం ఐదు నిమిషాలు, అంటే ముప్ఫై ఊపిరిలు.

ధవళేశ్వరం లాకుల్లోంచి పడవ దాటడం చూసినవారికి తెలుసు, లోపలి నీరు అవతలి మట్టానికి వచ్చేదాకా తలుపు తెరవరు. మెలకువకీ నిద్రకీ మధ్య ఆల్ఫా పలచబడి థీటా వచ్చే కాసేపు అలాంటిదే. 'నిద్రపో, నిద్రపో' అని మనసును తోస్తే ఆ తలుపు తెరుచుకోదు.

మా తమ్ముడు రెండు వారాలుగా చేస్తున్నాడు. మూడింటికి ఇంకా లేస్తున్నాడు. కానీ ఇదివరకు తెల్లారేదాకా పడుకోలేనివాడు, ఇప్పుడు కొన్ని రాత్రులు అరగంటలోపే మళ్లీ పడుకుంటున్నాడు. అంతకుమించి నేను చెప్పను.

గుండెదడ, బరువు తగ్గడం, చేతులు వణకడం ఉంటే ముందు డాక్టరుకి చూపించి థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. నిద్రమాత్రలు రోజూ వేసుకునేవారు ఈ సాధన మొదలుపెట్టామని హఠాత్తుగా ఆపకండి, డాక్టరు చెప్పిన లెక్కలోనే తగ్గించాలి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఈ పాఠం పక్కన పెట్టి 14416కి ఫోన్ చేయండి. టెలీమానస్ అది, డబ్బు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

ఈ వారం కాగితంలో మరో గడి గీసుకోండి. మెలకువ రాగానే వేలు కణత మీద పెట్టి ఉబ్బు ఉందో లేదో రాసి, అప్పుడు ముప్ఫై ఊపిరిలు మొదలుపెట్టండి. టైము ఒక్కసారే చూసి ఫోను బోర్లా పెట్టేయండి. ఐదో పాఠంలో పగటి బిగువు సంగతి చూద్దాం: మందుల షాపులో బాకీ, పిల్లల ఫీజు, లీజు గడువు ఒకేరోజు మీద పడినప్పుడు కూర్చున్నచోటే ఏం చేయాలో.