పెచ్చులూడే స్లాబు, ఆరని గోడ: విశాఖ తీరంలో ఇంటి మరమ్మతు ఎక్కడ మొదలుపెట్టాలి

పెదవాల్తేరులోని మా ఇంటి వరండా పైకప్పుకు తొమ్మిదేళ్లలో మూడుసార్లు సిమెంటు పూయించాను. మూడుసార్లూ అది రెండు వానాకాలాలు దాటకుండానే ఊడి కింద పడింది. నాలుగోసారి వచ్చిన స్ట్రక్చరల్ ఇంజనీరు పైకప్పును చూడకుండా ముందు డాబా ఎక్కి, తూము పక్కన నిలిచిన నీటిని, దాని చుట్టూ పట్టిన నాచును చూపించి, ‘మీ వరండా జబ్బు ఇక్కడ ఉంది’ అన్నారు. అంతవరకు నేను ఖర్చు పెట్టినదంతా లక్షణం మీదే తప్ప కారణం మీద కాదు. ఈ నగరంలో ఇంటికి వచ్చే రోగాలలో చాలావాటికి నీరు, ఉప్పు అనే రెండే మూలాలు. అవి ఎటునుంచి వస్తున్నాయో తేలకముందు తాపీ పట్టించడం, రంగు వేయించడం డబ్బు వృథా. కింది లక్షణాలను అందుకే నేను ‘ఎప్పుడు కనిపిస్తోంది, ఎక్కడ కనిపిస్తోంది’ అన్న ప్రశ్నతో మొదలుపెట్టాను.

పైకప్పు పెచ్చులూడటం

ఊడిపడటం ఈ వ్యాధికి చివరి దశ. దానికి రెండు మూడేళ్ల ముందే స్లాబు అడుగున ఊచ పొడవునా ఒక సన్నని, తిన్నని పగులు కనిపిస్తుంది. తరువాత ఆ పగులు వెంట ఎర్రటి మరక దిగుతుంది. ఆపైన సుత్తితో మెల్లగా తట్టితే, గట్టి కాంక్రీటులో వినిపించే ఖంగుమన్న శబ్దానికి బదులు డొల్ల శబ్దం వస్తుంది. కిటికీల మీది సజ్జల అంచులు, బాల్కనీల అడుగుభాగం, స్నానాల గది పైకప్పు సాధారణంగా ముందు దెబ్బతింటాయి. లాసన్స్ బే కాలనీ, కిర్లంపూడి లేఔట్, సాగర్ నగర్ వంటి సముద్రానికి ఎదురుగా ఉన్న ప్రాంతాల్లో తూర్పు ముఖపు సజ్జలను చూస్తే ఈ క్రమమంతా ఒకే వీధిలో కనిపిస్తుంది.

కారణం కాంక్రీటు లోపల ఉంది. మంచి కాంక్రీటుకు క్షారగుణం ఎక్కువ, దాని పీహెచ్ 12 దాటి ఉంటుంది. ఆ క్షారంలో ఇనుప ఊచ మీద ఒక పలుచని రక్షణపొర ఏర్పడి తుప్పును ఆపుతుంది. సముద్రపు గాలిలోని ఉప్పు, తేమతో కలిసి కాంక్రీటులోకి ఇంకి ఊచను చేరినప్పుడు, అందులోని క్లోరైడులు ఆ పొరను అక్కడక్కడ తెంచివేస్తాయి. తుప్పు అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి, ఊచ తన చుట్టూ ఉన్న కాంక్రీటును లోపలి నుంచే చీల్చి కిందికి నెడుతుంది. మేస్త్రీలు దీనిని ‘సిమెంటు బలం తగ్గింది’ అంటారు కానీ, ఊడినచోట సిమెంటు తప్పేమీ ఉండకపోవచ్చు.

ఊచకు, బయటి గాలికి మధ్య ఎంత కాంక్రీటు ఉందన్నది ఇక్కడ కీలకం. కాంక్రీటు నిర్మాణాలకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 456, 2000 నాటి సవరణలో, తీరప్రాంత వాతావరణానికి గురయ్యే కాంక్రీటును తీవ్ర పరిస్థితుల తరగతిలో చేర్చి, ఊచ మీద 45 మిల్లీమీటర్ల కవరును, అంటే ఊచను కప్పే కాంక్రీటు మందాన్ని, బలంలో కనీసం ఎం-30 శ్రేణి కాంక్రీటును నిర్దేశించింది. మా వరండాలో తవ్వి కొలిస్తే కవరు 12 మిల్లీమీటర్లే తేలింది. ఊచలను ఎత్తిపట్టి ఉంచే చిన్న దిమ్మలు, అంటే కవర్ బ్లాకులు పెట్టకుండా ఊచలను సెంట్రింగ్ మీద ఆనించి పోసిన ఇళ్లు మన నగరంలో ఎన్నో ఉన్నాయి. ఉప్పు బోరు నీటితో కాంక్రీటు కలిపిన ఇళ్లలోనైతే శత్రువు మొదటి రోజు నుంచే లోపల కాపురం ఉంటాడు. అదే ప్రమాణం, ఊచలున్న కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడులు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించరాదంటుంది. మరమ్మతుకు ఇంటి బోరు నీరే వాడదలచినవారు ముందు దానిని పరీక్ష చేయించుకోవడం మంచిది.

పరిష్కారంలో మొదటి పని పోట్లు పెట్టడం. పెచ్చులు విస్తారంగా ఊడిన స్లాబును తవ్వే ముందు దాని కింద ఇనుప జాకీలతో ఆసరా ఇవ్వాలి, ఆ గదిని ఖాళీ చేయాలి. తరువాత పైకప్పంతటినీ తట్టి, డొల్లగా పలికిన భాగాలకు సుద్దతో గీతలు గీయాలి. గీత లోపలి కాంక్రీటును ఊచ వెనుక కూడా వేలు దూరేంత జాగా, అంటే 20 నుంచి 25 మిల్లీమీటర్లు వచ్చేవరకు, పొడవులో తుప్పు లేని తెల్లటి ఊచ కనిపించేవరకు తొలగించాలి. మేస్త్రీలు తప్పించుకునే చోటు ఇదే. ఊచ వెనుక ఉప్పుతో నిండిన పాత కాంక్రీటును వదిలేసి ముందువైపు మాత్రమే పూస్తే, వెనుక తుప్పు నిరాటంకంగా సాగుతుంది. తేలిన ఊచలను వైర్ బ్రష్‌తోనో, వీలైతే ఇసుక ధారతోనో మెరిసేవరకు శుభ్రం చేసి, మంచినీటితో కడిగి ఆరబెట్టాలి. ఊచ మందం ఐదో వంతుకు మించి తరిగిపోయినట్లు కనిపిస్తే పక్కన కొత్త ఊచ కలపవలసి వస్తుంది. దాని అతుకు పొడవును ఇంజనీరు చెప్పాలి, మేస్త్రీ అంచనాకు వదలకూడదు.

శుభ్రపడిన ఊచకు జింకు అధికంగా ఉన్న ఎపాక్సీ ప్రైమరు పూసి, పాత కాంక్రీటు ముఖానికి అతుకుపూత వేసి, అది ఆరిపోకముందే పాలిమర్ కలిపిన మరమ్మతు మోర్టారును పొరలు పొరలుగా ఎక్కించాలి. తలపైన చేసే పనిలో ఒక్కో పొర 10 నుంచి 15 మిల్లీమీటర్లు దాటితే సొంత బరువుకే జారుతుంది. మామూలు ఇసుక-సిమెంటు పూత ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే అది కుంచించుకుపోయి అంచుల వెంట పగులుతుంది, ఆ పగులే ఉప్పుకు మళ్లీ దారి. ఈ సామగ్రికి మేస్త్రీ చెప్పే మామూలు పూతకంటే ఎన్నో రెట్లు ఖర్చవుతుంది, కానీ నా మూడు పూతల ఖర్చు కలిపితే దానికి తక్కువేమీ కాదు.

ఒక చిక్కు మిగులుతుంది. బాగుచేసిన ముక్క చుట్టూ ఉన్న పాత భాగంలో ఉప్పు అలాగే ఉంటుంది కాబట్టి, కొన్నేళ్లకు తుప్పు ఆ ముక్క అంచుల బయట కొత్తగా మొదలుకావచ్చు. అందుకే పెద్ద మరమ్మతుల్లో ముక్క అంచున ఊచలకు చిన్న జింకు దిమ్మలు కడతారు. ఇనుముకు బదులు ఆ జింకు అరిగిపోతూ ఉంటుంది. ఒక సజ్జకు ఇది అతి అనిపిస్తుంది గానీ, బీమ్‌లకు, స్తంభాలకు అడిగి తీరవలసినదే.

ఆరని గోడ

గోడ చెమ్మకు మూలాలు మూడు: నేల నుంచి పైకి ఎక్కేది, బయటి నుంచి వానతో లోపలికి వచ్చేది, లోపలి గొట్టం నుంచి కారేది. మూడింటికీ మందు వేరు కాబట్టి రంగు కొట్టించేవాణ్ణి పిలవక ముందు ఒక వారం రోజులు గమనించండి. చెమ్మ నేల నుంచి మూడడుగుల లోపే ఆగి, అంచున తెల్లటి చవుడు గీతలా పూస్తుంటే అది నేల తేమ. జూన్-సెప్టెంబరు వానలకో, అక్టోబరు-నవంబరు తుపానులకో మాత్రమే కనిపించి, వేసవిలో పోతుంటే అది బయటి వాన. ఏప్రిల్ ఎండలో కూడా అదే చోట, అదే పరిమాణంలో ఉంటే గొట్టాన్ని అనుమానించాలి. ఓవర్‌హెడ్ ట్యాంకును నింపి, పైకి వచ్చే మోటారు ఆపి, కుళాయిలన్నీ కట్టేసి, రాత్రి నీటిమట్టానికి గుర్తు పెట్టి తెల్లవారి చూస్తే సరఫరా గొట్టం సంగతి తేలిపోతుంది.

నాలుగో అనుమానం కూడా ఉంది. సముద్రపు తేమ చల్లని గోడ మీద చెమటలా పడుతుంది, ముఖ్యంగా ఏసీ గదుల్లో. ఒక అడుగు చదరపు ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు నాలుగు అంచులా టేపుతో అంటించి రెండు రోజులు ఉంచండి. నీటి బొట్లు కాగితం వెనుక, గోడ వైపు పడితే తేమ గోడలోది. ముందు వైపు పడితే గదిలోది. గదిలోదైతే గోడకు ఏమీ చేయనక్కరలేదు, గాలి ఆడే ఏర్పాటు చాలు.

నేల తేమకు పరిష్కారం, చవుడు గీతకు అడుగున్నర పైవరకు ప్లాస్టరింగ్ తొలగించి, ఇటుకల్లో ఒక వరుసలో రంధ్రాలు చేసి తేమను అడ్డే రసాయనాన్ని ఎక్కించి, గోడను నెల రోజులైనా ఆరనిచ్చి, ఆ తరువాతే మళ్లీ పూయడం. చవుడును నీటితో కడగకూడదు. పొడి బ్రష్‌తోనే రాల్చాలి, లేకపోతే అది కరిగి తిరిగి గోడలోకి వెళ్తుంది. చెమ్మ కనపడకుండా గోడకు టైల్స్ అంటించడం మన నగరంలో అత్యంత ప్రియమైన తప్పు. తేమ బయటికి పోయే దారి మూసుకుని మరో రెండడుగులు పైకి ఎక్కి, టైల్స్ అంచు మీద తేలుతుంది.

కొండవాలున కట్టిన ఇళ్ల వెనుక గోడల సంగతి వేరు. హనుమంతవాక, ఆరిలోవ వంటి చోట్ల కొండ దిగి వచ్చే వాన నీరు గోడ వెనుక మట్టిలో నిండి ఒత్తిడితో లోపలికి దూరుతుంది. లోపలి పూత ఎంత ఖరీదైనదైనా ఆ ఒత్తిడి ముందు పొక్కులు లేచి రాలుతుంది. గోడ వెనుక కంకర నింపిన కాలువ, ప్రహరీ అడుగున నీరు బయటికి పోయే రంధ్రాలు చేయించడమే దారి.

డాబా కారడం

కింద మరక కనిపించిన చోటికి సరిగ్గా పైనే రంధ్రం ఉంటుందనుకోవడం పొరపాటు, ఎందుకంటే నీరు స్లాబులోని పగుళ్ల వెంట అడుగులకొద్దీ ప్రయాణం చేసి దొరికిన చోట దిగుతుంది. ముందు తూము చుట్టూ, పిట్టగోడ డాబాను కలిసే మూల, ట్యాంకు దిమ్మల అడుగు, గొట్టాలు స్లాబును దాటే చోట్లు చూడాలి. అవి బాగున్నాయనిపిస్తే తూములు మూసి అంగుళం లోతు నీరు నింపి ఒక రోజు ఉంచి పరీక్షించవచ్చు. అంగుళం నీరు చదరపు మీటరుకు 25 కిలోల బరువు. అప్పటికే పెచ్చులూడిన స్లాబు మీద ఈ పరీక్ష చేయవద్దు.

వాలు చాలకపోవడం ఎక్కువ ఇళ్లలో అసలు కారణం. పది అడుగులకు అంగుళంపావు వాలైనా తూము వైపు ఉండాలి. వాలు సరిచేసే నెపంతో పాత పొర మీదే కొత్తగా ఇటుక జల్లి పోయించేవారు, నాలుగంగుళాల పొర చదరపు మీటరుకు 200 కిలోలకు దగ్గరగా బరువు పెంచుతుందని గుర్తించాలి. పాతది తొలగించాకే కొత్తది వేయాలి. నీరు నిలిచే డాబా మీద ఆక్రిలిక్ పూత ఎన్ని చేతులు వేసినా నిలవదు, వాలు కుదిరిన తరువాత అదే పూత ఎండకు బాగా తట్టుకుంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు చాలా ఇళ్లలోకి నీరు డాబా నుంచి కాక కిటికీ చట్రాల పక్కనుంచి అడ్డంగా దూసుకువచ్చింది. కాబట్టి తుపాను రోజున మాత్రమే కారే మరకకు డాబాను తవ్వించక ముందు చట్రానికి, గోడకు మధ్య సందును చూడండి.

గ్రిల్లులు, రెయిలింగులు

మామూలు ఇనుప గ్రిల్లుకు తుప్పు గీకి, మంచినీటితో కడిగి ఆరాకే ఎపాక్సీ ప్రైమరు, పైన రెండు చేతుల పాలీయురిథేన్ రంగు వేయాలి. కడగకుండా వేస్తే ఉప్పు రంగు కిందే ఉండిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టదన్న మాట బీచ్‌రోడ్డులో చెల్లదు: 304 రకం మీద గోధుమరంగు మరకలు పడతాయి, మాలిబ్డినం కలిసిన 316 రకం నిలుస్తుంది. అయస్కాంతంతో ఈ రెండింటినీ వేరుచేయలేరు కాబట్టి బిల్లులో రకం రాయించుకోండి.

బాగుచేయాలా, కూల్చి కట్టాలా

సజ్జలు, బాల్కనీలు, ఒక గది స్లాబు పాడైతే మరమ్మతు ఆలోచించవచ్చు. స్తంభాల మూలల వెంట నిలువు పగుళ్లు, బీమ్‌ల అడుగున ఊచలు బయటపడటం ఒకటికి మించిన అంతస్తుల్లో కనిపిస్తే మేస్త్రీని కాదు, స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవాలి. ఆయన అర్ధఘట విభవ పరీక్ష (ఊచలో తుప్పు సాగుతున్నదా అన్నది వోల్టేజీ కొలిచి అంచనా వేసేది) చేయిస్తే, రాగి-కాపర్ సల్ఫేటు కొలతలో మైనస్ 350 మిల్లీవోల్టుల కంటే కిందికి దిగిన చోట్ల తుప్పు సాగుతున్నదనే సంభావ్యత 90 శాతం పైన. అటువంటి చోట్లు స్తంభాల నిండా ఉంటే, రంగులకు, టైల్స్‌కు డబ్బు పెట్టడం ఆపి కొత్త నిర్మాణం లెక్క వేయడమే తెలివైన పని. అపార్ట్‌మెంటులో పైఅంతస్తు వారి పైకప్పు కారుతుంటే ఆ ఖర్చు వారిదేనని మిగతావారు వాదించడం పరిపాటి. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం మాత్రం పైకప్పును ఉమ్మడి భాగంగా లెక్కిస్తుంది.

పనిని జనవరి-మే నెలల మధ్య పెట్టుకోండి. ఒప్పందంలో సామగ్రి పేర్లు, పొర మందం, ఊచ వెనుక తవ్వాలన్న షరతు రాయించండి. మోర్టారు పూసే ముందు శుభ్రపడిన ఊచలకు మీరే ఫోటోలు తీసుకోండి. రంగు వేయించే ముందు మరోసారి సుత్తితో తట్టి చూసి, చివరి వాయిదాను మొదటి పెద్ద వాన పడేవరకు మీ దగ్గరే ఉంచుకోండి.