1948లో ఖాళీ అయిన పాలస్తీనా ఊళ్లు: చార్టు మీద పటం గీసే పద్ధతి

విజయనగరం, శ్రీకాకుళం కాలేజీల్లో చరిత్ర ఎగ్జిబిషన్‌కి ఈ పటం గీసేవాళ్లు బాణాలతో సరిపెట్టకండి. బాణాలు సైన్యాల దారి చెబుతాయి, ఊళ్లేమయ్యాయో చెప్పవు. ఇజ్రాయెల్ ఏర్పడినప్పటి ఆ యూదు-అరబ్ యుద్ధంలో 400కు పైగా అరబ్ ఊళ్లు ఖాళీ అయ్యాయి, సుమారు 7 లక్షల మంది నిరాశ్రయులయ్యారు. పటంలో కనబడాల్సింది అదీ.

22×28 అంగుళాల చార్టు నిలువుగా పెట్టి, సెంటీమీటరుకు 4 కిలోమీటర్ల లెక్క పట్టుకోండి. ఉత్తరాన మెతులా నుంచి దక్షిణాన బీర్షెబా దాకా 56 సెంటీమీటర్లలో పట్టేస్తుంది. పక్కన మిగిలిన చోటు తేదీల పట్టికకి. యాఫా నుంచి జెరూసలేం నేరుగా చూస్తే విజయనగరం నుంచి శ్రీకాకుళమంత దూరం. ఆ మాట పటం మీదే రాస్తే చూసేవాళ్లకి దేశం ఎంతదో తెలిసిపోతుంది.

రంగులు నాలుగు. మే 14 దాకా, అంటే బ్రిటిష్ పాలన ముగిసేలోపు యూదు సేనల చేతుల్లో పడిన ఊళ్లకు ఆకుపచ్చ (జెరూసలేం పక్కనున్న దేర్ యాసిన్, ఏప్రిల్ 9). అక్కణ్నుంచి జూన్ 11 మొదటి సంధి దాకా నీలం. జూలైలో పోరు మళ్లీ రేగిన పది రోజులకు నారింజ (లిద్దా, రమ్లే). జూలై 18 రెండో సంధి తర్వాత ఎరుపు. సంధి అయ్యాక ఇక ఊళ్లు పడలేదనుకోకండి: హైఫా దక్షిణాన ఇజ్జిం, ఐన్ గజాల్, జబా ఆ నెలాఖరులోనే పడ్డాయి. అక్టోబరు 29-31లో ఉత్తర గలిలీ (గలిలయ) ప్రాంతం పడింది.

ఎక్కువ తప్పు జరిగేది ఇక్కడ: పట్టుబడిన రోజు వేరు, ఖాళీ అయిన రోజు వేరు. పట్టుబడితే చుక్క, జనం లేకపోతే చుట్టూ సున్నా. నజరేతు జూలై 16న పడింది, జనం ఉండిపోయారు. దానికి చుక్కే. ఉత్తర గలిలీలోని ఇక్రిత్ అక్టోబరు 31న లొంగింది. రెండు వారాల్లో తిరిగి రావచ్చని చెప్పి నవంబరు మొదట్లో ఇజ్రాయెల్ సైన్యం అందర్నీ పంపించేసింది. 1951లో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు ఊరివాళ్ల వైపు తీర్పిచ్చినా, ఆ డిసెంబరులోనే సైన్యం ఇళ్లు పేల్చేసింది. దానికి చుక్క, సున్నా రెండూ, వేర్వేరు తేదీలతో.

పేర్లు జాగ్రత్త. మన దగ్గర కొత్తవలస అంటే ఏ కొత్తవలస అని అడుగుతాం కదా, జబా కూడా అంతే. జెరూసలేం దగ్గర ఇంకో జబా నేటికీ ఉంది. జిల్లా పేరు కలిపి రాయండి.

భూమి లెక్కలు దునుముల్లో ఉంటాయి. దునుం అంటే వెయ్యి చదరపు మీటర్లు, మన 24.7 సెంట్లు. 1945 లెక్కల్లో దేర్ యాసిన్ 2,857 దునుములు, 610 మంది. సుమారు 706 ఎకరాలని రాస్తే ఇక్కడి రైతుకి ఊరు కళ్లకు కడుతుంది. అక్కడ ఏప్రిల్ 9 దాడిలో చనిపోయినవాళ్లు 254 అని అప్పట్లో ప్రచారమైంది. తర్వాతి పరిశోధనలు వంద, నూటపది దగ్గర తేల్చాయి, అదే రాయండి. పెంచిన అంకె ఒక్కటి దొరికితే పటమంతా అబద్ధమనేస్తారు.

చుక్కలకు స్కెచ్ పెన్ వాడకండి. వానాకాలం చార్టు చెమ్మ పీల్చి సిరా పాకుతుంది. ఇజ్జింకీ ఐన్ గజాల్‌కీ మధ్య ఈ పటంలో సెంటీమీటరు కూడా లేదు, రెండూ ఒకే మరకైపోతాయి. సన్న బాల్‌పెన్నుతో చుక్క పెట్టి, పేరు సముద్రం వైపు ఖాళీలో రాసి గీత లాగండి.