ప్రత్యేక అవసరాలు గల పిల్లల బడిలో థెరపీలను, సెన్సరీ గదిని ఎలా పరిశీలించాలి?

మా అబ్బాయికి ఆరేళ్లున్నప్పుడు హనుమకొండలో ఒక ప్రత్యేక పాఠశాలను చూడటానికి వెళ్లాం. వెలుతురు, చప్పుడు, స్పర్శ, కదలికలతో పిల్లల ఇంద్రియాలకు పని చెప్పే సెన్సరీ గది తాళం తీసి, లైట్లు వేసి చూపించారు. రంగులు మారే నీటి గొట్టంలో బుడగలు పైకి పోతున్నాయి, ఒక మూలన బంతుల తొట్టి ఉంది, పైకప్పు నుంచి ఉయ్యాల వేలాడుతోంది. మాకు ఎంతో నచ్చింది. మా వాడు మాత్రం ఆ గొట్టం అడుగున ఉన్న మోటారు చప్పుడుకు రెండు చెవులూ మూసుకుని గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. ఉయ్యాల తాడుకు చుట్టిన ప్లాస్టిక్ కవరు ఇంకా విప్పలేదన్న సంగతి, ఇంటికొచ్చి ఫోనులో తీసిన ఫొటో చూసుకున్నాక గానీ నా కంట పడలేదు. ఆ గదిని వారానికి ఒక్కసారి కూడా తెరవరని ఫీజు కట్టిన కొన్ని నెలలకు తెలిసింది.

అప్పటి నుంచి పరకాల, నర్సంపేట, జనగామ వైపు నుంచి వచ్చే తల్లిదండ్రులు ఏ బడి మంచిదని నన్ను అడిగినప్పుడు, నేను బడి పేరు చెప్పకుండా బడిని చూసే పద్ధతి చెబుతున్నాను. ఒక పిల్లవాడికి పనికొచ్చిన గది ఇంకొక పిల్లవాడికి నరకం కావచ్చు కాబట్టి, ఆ పరిశీలన మీ బిడ్డ నుంచే మొదలు కావాలి.

మొదటి అడుగు: బడికి వెళ్లే ముందు వారం రోజులు నోటుపుస్తకం రాయండి

బిడ్డ దేనిని వెతుక్కుంటున్నాడు, దేని నుంచి పారిపోతున్నాడు అన్న రెండు విషయాలను రోజూ రాసిపెట్టుకోండి. కుక్కర్ విజిల్, మిక్సీ, వినాయక నిమజ్జనం నాటి డీజే మోతలకు ఏం చేస్తాడు? గోళ్లు తీసేటప్పుడు, తల దువ్వేటప్పుడు ఏడుస్తాడా? చొక్కా కాలరు నములుతాడా, మునివేళ్ల మీద నడుస్తాడా, గిరగిరా తిరిగినా తల తిరగదా? మా వాడు బతుకమ్మ పేర్చేటప్పుడు తంగేడు పూలను ముట్టుకోడు, గునుగు పూలను మాత్రం బుగ్గకు రాసుకుంటూ ఎంతసేపైనా కూర్చుంటాడు. మేము ముచ్చటపడి చెప్పుకునే ఆ చిన్న సంగతే తర్వాత, రోజువారీ పనులకు పిల్లలను సిద్ధం చేసే మా ఆక్యుపేషనల్ థెరపిస్టుకు అన్ని రిపోర్టుల కంటే ఎక్కువగా ఉపయోగపడింది.

పిల్లవాడు ఏ సమయంలో, ఏం జరిగిన తర్వాత అలా ప్రవర్తించాడో కూడా రాయండి. మూర్ఛ (ఫిట్స్) ఎప్పుడైనా వచ్చి ఉంటే, వాడుతున్న మందులతో సహా మొదటి పేజీలోనే రాయండి. మాటలు రాని బిడ్డకు వినికిడి పరీక్ష చేయించకుండా స్పీచ్ థెరపీ మొదలుపెట్టడం సరికాదు కాబట్టి, ఆ పరీక్ష, కంటి పరీక్ష ముందే పూర్తి చేసుకోండి.

ఈ పరీక్షలకు డబ్బు లేదని ఆగిపోనక్కర్లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద, పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలను ఉచితంగా పరీక్షించి, అవసరమైన వారిని డీఈఐసీ అని పిలిచే జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలకు పంపుతారు. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద, ప్రత్యేక అవసరాల పిల్లల కోసం మండలాల్లో నడిచే భవిత కేంద్రాల్లో ఐఈఆర్పీలనే ప్రత్యేక టీచర్లు ఉంటారు. ఇంకా లోతైన అంచనా కావాలంటే సికింద్రాబాద్ బోయినపల్లిలోని మనోవికాస్ నగర్‌లో, మేధోవైకల్యం ఉన్నవారి కోసం 1984లో స్థాపించిన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది. కాజీపేటలో పొద్దున్నే రైలెక్కితే చేరుకోవచ్చు.

రెండవ అడుగు: ఎవరు ఏ థెరపీ చేస్తున్నారో అడిగి తెలుసుకోండి

“మా దగ్గర అన్ని థెరపీలూ ఉన్నాయి” అన్న మాటతో తృప్తిపడవద్దు. నిలబడటం, నడవడం, బిగుసుకున్న కండరాలను సాగదీయడం ఫిజియోథెరపిస్టు పని. అన్నం కలుపుకుని తినడం, గుండీ పెట్టుకోవడం, పెన్సిలు పట్టుకోవడం, ఒకచోట కుదురుగా కూర్చోవడం వంటి రోజువారీ పనులకు శరీరాన్ని, ఇంద్రియాలను సిద్ధం చేయడం ఆక్యుపేషనల్ థెరపిస్టు పని. స్పీచ్ థెరపిస్టు పని మాటలు పలికించడంతో అయిపోదు. నమలడం, మింగడం, బొమ్మల కార్డులతోనో సైగలతోనో మనసులోని మాట చెప్పించడం కూడా వారి బాధ్యతే. కార్డులు అలవాటు చేస్తే ఇక మాటలు రావేమోనని చాలామంది తల్లులు భయపడతారు. ఆ భయం అవసరం లేదు, కార్డులు మాటకు అడ్డం రావు.

స్పెషల్ ఎడ్యుకేటర్లు, స్పీచ్ థెరపిస్టులు 1992 నాటి చట్టం ప్రకారం భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ)లో నమోదై ఉండాలి. ఆ నమోదు సంఖ్య అడగడం అమర్యాద కాదు, అర్హత ఉన్నవారు సంతోషంగా చూపిస్తారు. ఆక్యుపేషనల్ థెరపీకి, ఫిజియోథెరపీకి వేర్వేరు డిగ్రీలు ఉంటాయి కనుక వాటిని విడివిడిగా అడగండి. ఆ తర్వాత మా బిడ్డతో ఎవరు, వారానికి ఎన్ని రోజులు, ఎన్ని నిమిషాలు, ఒక్కడితోనా లేక గుంపుతోనా పనిచేస్తారు అని అడిగి, వచ్చిన జవాబును అక్కడే కాగితం మీద రాసుకోండి. థెరపిస్టు నెలకు రెండుసార్లు వచ్చి వెళ్తున్నా నష్టం లేదు, మిగతా రోజుల్లో అదే పనిని తరగతి టీచరుకు, ఆయమ్మకు నేర్పి వెళ్తున్నారా అన్నదే ముఖ్యం.

మూడవ అడుగు: సెన్సరీ గదిలో బిడ్డతో కలిసి కనీసం అరగంట కూర్చోండి

సెన్సరీ గది అన్న పేరు కింద నిజానికి రెండు వేర్వేరు ఆలోచనలు కలిసిపోయాయి. మసక వెలుతురు, మెల్లని సంగీతం, బుడగల గొట్టం ఉండే గదికి మూలం 1970లలో నెదర్లాండ్స్‌లో పుట్టిన స్నూజెలెన్ పద్ధతి. మనసుకు నెమ్మది కలిగించడం దాని ఉద్దేశం. ఉయ్యాలలు, ట్రాంపొలిన్, ఎక్కే నిచ్చెనలు ఉండే గదికి మూలం అమెరికాకు చెందిన ఆక్యుపేషనల్ థెరపిస్టు జీన్ ఎయిర్స్ రూపొందించిన సెన్సరీ ఇంటిగ్రేషన్ సిద్ధాంతం. ఇందులో పిల్లవాడు చూస్తూ కూర్చోడు, కదులుతాడు. లోపలి చెవి నుంచి అందే సమతౌల్యాన్ని, ఒళ్లు ఎక్కడ, ఎలా ఉందని కండరాలు, కీళ్ల నుంచి అందే స్పృహను మెదడు సరిగా వాడుకునేలా ఆ కదలికలను థెరపిస్టు ఒక పద్ధతిలో పెడతారు. మీ నోటుపుస్తకం చూపించి, ఈ రెండింటిలో మా వాడికి ఏది, ఎందుకు అని అడగండి. ఒకే గదిలో అన్నీ ఒకేసారి వేసి పిల్లలందరినీ వదిలేస్తున్నారంటే అక్కడ ఆట మాత్రమే ఉందని అర్థం.

ముందు భద్రత చూడండి. ఉయ్యాల కొక్కెం శ్లాబులోకో దూలంలోకో గట్టిగా దిగి ఉండాలి, పెద్దవారు కూర్చుని ఊగినా కదలకూడదు, కింద మందపాటి పరుపు ఉండాలి. మినుకుమినుకుమనే లైట్లు కొందరిలో మూర్ఛను రేపుతాయి కాబట్టి వాటిని ఆపే వీలు ఉందేమో చూడండి. పిల్లవాడిని నెమ్మదిపరచడానికి తొడిగే బరువు జాకెట్టు వాడేచోట, ఎంత బరువు, ఎంతసేపు అన్నది థెరపిస్టు నిర్ణయించాలి, దానిని పిల్లవాడు తనంతట తాను విప్పుకోగలగాలి. చింతగింజలు, ముత్యాలు, బియ్యం ఉన్న తొట్ల దగ్గర పెద్దవారు ఒకరు ఉండి తీరాలి. వస్తువులను నోట్లో పెట్టుకునే పిల్లలకు గింజలు అసలు వద్దు. బంతుల తొట్టిని ఎన్నాళ్లకు కడుగుతారో అడగండి. మన వైపు మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, ఆ వేడిలో కిటికీలు మూసేసిన చీకటి గది ఎవరికీ నెమ్మదినివ్వదు.

తర్వాత వాడకం గుర్తులు వెతకండి. మేము రెండోసారి చూసిన బడిలో గది చిన్నది, బుడగల గొట్టం లేదు. కానీ ఉయ్యాల తాడు పిల్లల చేతులు తగిలి తగిలి నున్నబడి ఉంది. నేల మీద పరిచిన కొత్తవాడ జంపఖానా ఒక అంచున పిగిలిపోయి ఉంది. గోడకు వేలాడే పట్టికలో పిల్లల పేర్లకు ఎదురుగా సమయాలు రాసి ఉన్నాయి. అక్కడి టీచరమ్మ మా వాడిని పలకరించి, చెయ్యి పట్టి లాగకుండా ఉయ్యాల పక్కన కూర్చుని ఎదురుచూసింది. ఎనిమిది నిమిషాల తర్వాత వాడే వెళ్లి ఉయ్యాల మీద బోర్లా పడుకున్నాడు. వాడు నాలుగుసార్లు ఊగాక ఆమె ఆపి, వాడు మళ్లీ కావాలని ఆమె చేతిని నెట్టేదాకా ఆగింది. ఆ నెట్టడమే వాడి మాట అని నాకు అప్పుడు అర్థమైంది.

మరొక ముఖ్యమైన ప్రశ్న ఉంది. ఇష్టం లేని పిల్లవాడిని ఈ గదిలోకి బలవంతంగా తీసుకొస్తారా? అల్లరి చేసినవాడిని శిక్షగా ఇక్కడ వదిలేస్తారా? ఈ రెండింటిలో దేనికి అవునన్నా ఆ బడి మీకు వద్దు.

నాలుగవ అడుగు: లక్ష్యాలను కాగితం మీద రాయించుకోండి

ప్రతి పిల్లవాడికీ వ్యక్తిగత విద్యా ప్రణాళిక, అంటే ఐఈపీ ఉండాలి. అందులో “ఏకాగ్రత పెరుగుతుంది” అని రాస్తే లాభం లేదు. “ఉయ్యాల తర్వాత తరగతిలో పది నిమిషాలు కూర్చుని ఆరు పూసలు గుచ్చుతాడు” అని రాస్తే మూడు నెలల తర్వాత అది జరిగిందో లేదో మీరే చూసుకోవచ్చు. సెన్సరీ థెరపీల ప్రభావంపై పరిశోధన పరిమితంగానే ఉందని, వాటిని సమగ్ర ప్రణాళికలో ఒక భాగంగా వాడవచ్చని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2012లో చెప్పింది. కాబట్టి ఆటిజాన్ని పూర్తిగా తగ్గిస్తామని, గ్యారంటీ అని చెప్పేవారిని నమ్మవద్దు. గడువు పెట్టుకుని ప్రయత్నించండి, మార్పు లేకపోతే పద్ధతి మార్చమని అడగండి.

అయిదవ అడుగు: ఆ పనిని ఇంటికి తెచ్చుకోండి

బడిలో అరగంట చేసినదానికి ఇంట్లో కొనసాగింపు ఉండాలి. జొన్న రొట్టెల పిండిని బలంగా పిసకడం, సగం నిండిన బకెట్టు మోయడం, తడి బట్టలు పిండడం కండరాలకు, కీళ్లకు మంచి పని. వీటిలో ఏది, రోజులో ఎప్పుడు అన్నది థెరపిస్టును అడిగి రాయించుకోండి. బామ్మతాతలను ఒకరోజు థెరపీ చూడటానికి తీసుకువెళ్లండి, లేకపోతే ఇంట్లో “వాడిని ఎందుకట్ల కష్టపెడుతున్నవ్ బిడ్డా” అన్న మాట దగ్గరే పని ఆగిపోతుంది.

ఆరవ అడుగు: హక్కును, ఖర్చును సరిచూసుకోండి

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 31వ సెక్షన్ ప్రకారం, 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ధ్రువీకరణ ఉన్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు దగ్గరి బడిలో గానీ, కోరుకున్న ప్రత్యేక బడిలో గానీ ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. అందుకు వైకల్య ధ్రువీకరణ పత్రం (సదరం సర్టిఫికెట్), యూడీఐడీ అనే దివ్యాంగుల గుర్తింపు కార్డు సిద్ధంగా ఉంచుకోండి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోవైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ నడిపే నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల వరకు ఉంటుంది. అందులో థెరపీ ఖర్చులకు విడిగా పరిమితి ఉంటుంది. దానికోసం థెరపీ కేంద్రం ఇచ్చే ప్రతి రశీదును తేదీ, థెరపిస్టు సంతకం, ముద్రతో సహా తీసుకుని, డాక్టరు రాసిన చీటీతో కలిపి ఒకే ఫైలులో పెట్టుకోండి.