పిల్లలకు ఇంగ్లీషు వాక్యాలు, 3వ పాఠం: ప్రశ్న కట్టడం

పోయిన పాఠంలో చెప్పే వాక్యం, అడిగే వాక్యం, చెయ్యమనే వాక్యం, ఆశ్చర్యపోయే వాక్యం వేరుచేయమన్నాం. చాలామంది పిల్లలు చకచకా చేసేశారు. కానీ వాళ్లు చూసింది వాక్యాన్ని కాదు, చివరి గుర్తుని. ఆ గుర్తు మీద బొటనవేలు పెట్టి మళ్లీ అడగండి, తెల్లమొహం వేస్తారు. కాబట్టి ఈసారి అనుకున్న ఆశ్చర్యార్థకాన్ని వాయిదా వేసి ప్రశ్న దగ్గరే ఆగుదాం.

తెలుగులో ‘రవి వచ్చాడు’ చివర దీర్ఘం తీస్తే ‘రవి వచ్చాడా?’ అయిపోతుంది, మాటలు చోటు మారవు. ఆ అలవాటుతోనే పిల్లలు ‘ఆర్ యు కమింగ్?’ అనాల్సిన చోట ‘యు ఆర్ కమింగ్?’ అంటారు. ఇంగ్లీషువాళ్లూ ఆశ్చర్యపోయినప్పుడు అలా అంటారు, నిజమే. అది పిల్లలకు ఇప్పుడే చెప్పొద్దు.

చీటీల మీద ‘షి’, ‘ఈజ్’, ‘సింగింగ్’ రాసి వరసగా పరచండి. ‘ఈజ్’ చీటీని పిల్లే తీసి ‘షి’కి ముందు పెట్టాలి. ‘కెన్’, ‘విల్’, ‘వజ్’ కూడా అంతే. రెండో రోజే ‘మై లిటిల్ బ్రదర్ ఈజ్ స్లీపింగ్’ ఇవ్వండి. ఎప్పుడూ ఒక్క మాట కర్తతోనే చేయిస్తే, మొదటి రెండు మాటలు తారుమారు చేస్తే ప్రశ్న అని నేర్చుకుంటారు. ‘ఈజ్’ దాటాల్సింది ‘మై లిటిల్ బ్రదర్’ మొత్తాన్ని.

అసలు తంటా ‘రవి లైక్స్ మ్యాంగోస్’ దగ్గర. కదపడానికి ‘ఈజ్’, ‘కెన్’ లాంటి సహాయక క్రియ లేదు, ‘డు’ని తేవాలి. తెచ్చాక ‘డజ్ రవి లైక్స్?’ అంటారు. సూత్రం వల్లె వేయించి లాభం లేదు. ‘లైక్’ ఒక చీటీ మీద, ‘స్’ ఇంకో చిన్న ముక్క మీద రాయండి. ‘డు’ రాగానే ఆ ముక్క ‘లైక్’ని వదిలి ‘డు’కి అంటుకుని ‘డజ్’ అవుతుంది. ఉన్నది ఒక్కటే ముక్క, రెండుచోట్ల ఉండలేదు. ‘షి హ్యాజ్ ఎ పెన్’ కూడా ఇదే దారిలో ‘డజ్ షి హ్యావ్ ఎ పెన్?’ అవుతుంది.

భూతకాలానికి చీటీ రెండువైపులా రాయండి: ఒకవైపు ‘వెంట్’, వెనక ‘గో’. ‘డిడ్’ వచ్చిందంటే చీటీ తిరగబడాలి. ‘ఏట్’ వెనక ‘ఈట్’, ‘సా’ వెనక ‘సీ’, ‘బాట్’ వెనక ‘బై’, ‘కేమ్’ వెనక ‘కమ్’. ‘ప్లేడ్’తో మొదలుపెట్టే టీచర్లు ఎందుకు పెడతారో అర్థం కాదు. ‘డిడ్ యు ప్లేడ్ దేర్?’ అన్నా చివరి ‘డ్’ మాటల్లో కలిసిపోతుంది, తప్పు చెవికి చిక్కదు. ‘డిడ్ యు వెంట్?’ మాత్రం ఠక్కున పట్టుబడుతుంది. ఉద్యోగాలు చేసేవాళ్ల నోట కూడా వినిపించే తప్పు ఇదే, అందుకే ఇంత సాగదీస్తున్నాను. ‘డిడ్ నాట్ గో’, ‘డజ్ నాట్ లైక్’ కూడా ఇవే చీటీలతో వచ్చేస్తాయి.

‘వై’, ‘వేర్’, ‘వెన్’ చివర్లో తెండి. ముందు ‘ఆర్ యు క్రయింగ్?’ పూర్తిగా కట్టించి, దాని ముందు ‘వై’ చీటీ పెట్టించండి. నేరుగా ‘వై’తో మొదలుపెడితే ‘వై యు ఆర్ క్రయింగ్?’ ఖాయం. ‘హూ బ్రోక్ ద గ్లాస్?’లో ‘డిడ్’ ఏదని అడిగిన పిల్లకి, ‘హూ’యే కర్త స్థానంలో కూర్చుంది, దాన్ని ఏదీ దాటక్కర్లేదు అని చెబితే చాలు.

చెయ్యమనే వాక్యంతో పేచీ లేదు. ‘సిట్ డౌన్’, ‘డోంట్ రన్’లో కర్త కనబడదు, అంతే. ‘కెన్ యు ఓపెన్ ద డోర్?’ పని చెప్పడమే అయినా కట్టడంలో అది ప్రశ్న.

అభ్యాసం: మూడో తరగతి ఇంగ్లీషు వాచకంలోంచి పది వాక్యాలు చివరి గుర్తులు లేకుండా రాయండి, ఐదింటిలోనైనా సహాయక క్రియ ఉండకూడదు. పిల్ల ఒక్కో వాక్యాన్నీ నోటితోనే ప్రశ్నగా మార్చి, దానికి ‘నో’తో మొదలయ్యే పూర్తి జవాబు చెప్పి, మళ్లీ అసలు వాక్యానికి రావాలి. ఎక్కడ తప్పినా మొదటి వాక్యం నుంచి మళ్లీ మొదలు.

అది కుదిరాక ‘హౌ టాల్ ఈజ్ హి’, ‘హౌ టాల్ హి ఈజ్’ రెండూ రాసి, ఏ గుర్తు దేనికో పెట్టించండి. వచ్చే పాఠం అక్కడి నుంచే.