పాత షార్ట్‌వేవ్ రేడియో, 4వ పాఠం: బిగించకూడని స్క్రూలు

గత పాఠంలో నేను రాసిన ఒక్క వాక్యం వల్ల మీలో కొందరి సెట్లు మూగబోయాయి. "వెనుక మూత తీసి, వదులుగా కనిపించిన స్క్రూలను బిగించండి" అన్నాను. ఏరియల్ మొదట్లో ఉండే స్క్రూ, బోర్డును పెట్టెకు పట్టి ఉంచే స్క్రూలు, సెల్లుల పెట్టె పట్టీలు మాత్రమే నా మనసులో ఉన్నాయి గాని, ఆ సంగతి కాగితం మీదకు రాలేదు. మూత తీయకముందు షార్ట్‌వేవ్ గరగరమంటూనైనా పలికేదని, ఇప్పుడు మీడియంవేవ్‌లో విజయవాడ కూడా వినపడడం లేదని కావలి నుంచి ఒకరు రాశారు. రంగు రంగుల తలలున్న నాలుగు స్క్రూలు మరీ వదులుగా ఉంటే అడుగు తగిలేదాకా బిగించానని కనిగిరి నుంచి మరొకరు గర్వంగానే రాశారు. అందుచేత ఏ వేళకు ఏ మీటర్ బ్యాండు (షార్ట్‌వేవ్‌లో స్టేషన్లు గుంపుగా ఉండే పట్టీ) అనే పాఠాన్ని వాయిదా వేసి, ముందు ఈ నష్టాన్ని సరిచేసుకుందాం.

అవి స్క్రూలు కావు. చదరపు రేకు డబ్బాల లోపల కనిపించే ఆ రంగు తలలు ఫెరైట్ అనే, ఇనుప ఆక్సైడుతో చేసిన పెళుసు పదార్థపు ముక్కలు. వాటి చుట్టూ సన్నని తీగ చుట్టి ఉంటుంది, దానినే కాయిల్ అంటారు. మీరు ఏ స్టేషను పెట్టినా, సెట్టు దానిని లోపల ఒకే ఒక పౌనఃపున్యానికి, సాధారణంగా 455 కిలోహెర్ట్జ్‌కు, మార్చుకొని పెంచుకుంటుంది. పసుపు, తెలుపు, నలుపు తలల డబ్బాలు మూడూ ఆ 455 దగ్గరే కలిసి పనిచేయాలి. ముక్కను లోపలికి దింపితే ఆ డబ్బా 455 కంటే కిందికి జారుతుంది. మూడూ మూడు చోట్లకు జారితే సెట్టుకు చెవుడు వచ్చినట్లే. ఎర్ర తల డబ్బా వేరు. అది ఆసిలేటరుది, అంటే ఏ స్టేషను 455కు మారాలో నిర్ణయించే భాగానిది, దానిని కదిలిస్తే డయల్ మీద స్టేషన్ల స్థానాలు మారిపోతాయి. స్టేషను మార్చేటప్పుడు తిరిగే గ్యాంగ్ కండెన్సరు మీదా పక్కనా ఉండే చిన్న ట్రిమ్మర్లూ (సర్దుబాటు కండెన్సర్లూ) అంతే. పాత వాటిలో రెండు రేకుల మధ్య అభ్రకపు పొర ఉంటుంది. గూడూరు అభ్రకం సంగతి మన నెల్లూరు వైపు వారికి చెప్పనక్కరలేదు. బిగిస్తే ఆ పొర ఎంత తేలికగా చిట్లుతుందో కూడా చెప్పనక్కరలేదు.

సరిచేయడానికి కూర్చున్నవారు మొదట చేసే తప్పు ఇనుప స్క్రూడ్రైవర్ పట్టుకోవడం. దీని గురించి ఎన్నిసార్లు చెప్పినా చాలదని నాకు అనిపిస్తుంది. ఇనుము కాయిల్‌లోకి దిగగానే కాయిల్ గుణమే మారుతుంది. స్క్రూడ్రైవర్ లోపల ఉన్నంతసేపు ధ్వని బ్రహ్మాండంగా వినిపిస్తుంది, బయటికి తీయగానే పడిపోతుంది. అప్పుడు ఇంకొంచెం తిప్పుతారు, మళ్లీ తీస్తారు, మళ్లీ పడిపోతుంది. ఇలా ఒక సాయంత్రమంతా గడిచాక విసుగుతో గట్టిగా తిప్పితే ముక్క గాడి దగ్గర విరిగి లోపలే ఇరుక్కుంటుంది. ఇక పాడైన మరో సెట్టు నుంచి డబ్బాను పీకి అతికించడమొక్కటే దారి. చివర ప్లాస్టిక్ తొడుగున్న స్క్రూడ్రైవర్ కూడా, లోపల ఇనుమే కనుక, పనికిరాదు. ఇత్తడి ఇనుము కాదు గదా అని కొందరు అడిగారు. ఇత్తడి కూడా లోహమే, అది మరో వైపుకు లాగుతుంది. బాగా ఎండిన వెదురు పుల్ల చివరను ఉలి మొనలా చెక్కి, గాడిలో సరిగ్గా కూర్చునేటట్లు అరగదీసి వాడండి. నా దగ్గర ఉన్నది ప్లాస్టిక్ అల్లిక సూది. పనిలో తేడా ఏమీ లేదు.

ఇప్పుడు పద్ధతి. ఎన్ని చుట్లు బిగించారో గుర్తుంటే అన్నే చుట్లు వెనక్కి తిప్పండి. గుర్తులేకపోతే తల డబ్బా పై అంచుకు కాస్త కిందుగా ఉండేటట్లు పైకి తెచ్చి మొదలుపెట్టండి. మీడియంవేవ్‌కు మార్చి, పగటిపూట బలహీనంగా వినిపించే స్టేషనును పట్టుకోండి. నెల్లూరు వారికి 837 కిలోహెర్ట్జ్‌లోని విజయవాడ, ఒంగోలు వారికి 720లోని చెన్నై అనువుగా ఉంటాయి. దగ్గరిది వద్దు, దూరమైనదే కావాలి. బలమైన స్టేషను వస్తే సెట్టు తానే ధ్వనిని అణిచి సమం చేస్తుంది కనుక ముక్క సరైన చోటికి వచ్చిందో లేదో చెవికి తెలియదు. నలుపు, తెలుపు, పసుపు వరుసలో ఒక్కొక్క దానిని పావు చుట్టుకు మించకుండా అటూ ఇటూ తిప్పి, ధ్వని అత్యధికంగా ఉన్న చోట వదలండి. ధ్వని పెరిగిన కొద్దీ వాల్యూమ్ తగ్గిస్తూ, మొత్తం వరుసను మరో రెండు సార్లు చేయండి. ఎర్ర దానిని కదిలించకపోయి ఉంటే ఇప్పుడూ కదిలించవద్దు. ఎఫ్.ఎం. కూడా ఉన్న సెట్లలో గులాబీ, నీలం వంటి రంగుల డబ్బాలు కనిపిస్తే వాటి జోలికి వెళ్లకండి.

మీడియంవేవ్ బాగా పలికి షార్ట్‌వేవ్ మాత్రం పలకకపోతే ఈ డబ్బాలు నిర్దోషులు. ఏరియల్ మొదట్లో అతికిన తీగ తెగిందేమో చూడండి. సముద్రపు గాలి తగిలే మైపాడు, కొత్తపట్నం వంటి చోట్ల మీడియంవేవ్ నుంచి షార్ట్‌వేవ్‌కు మార్చే బ్యాండ్ స్విచ్ కాంటాక్టులు కూడా త్వరగా పచ్చబడతాయి. ఏరియల్‌కు పొడుగాటి తీగ కట్టమన్నది కూడా నేనే. 5 మీటర్లు దాటితే చాలా సెట్లు తట్టుకోలేవు, ఒక స్టేషను మీద మరొకటి ఎక్కుతుంది. తొడుగున్న తీగను ఏరియల్ చుట్టూ నాలుగైదు చుట్లు చుట్టండి, లోహానికి లోహం తగలనివ్వకండి. మెరుపులు కనిపిస్తే ముందు ఆ తీగను విప్పండి.

సెట్టు తెరిచే ముందు చేయవలసిన పరీక్ష ఒకటి ఉంది, దానిని ఈ పాఠం మొదట్లోనే చెప్పవలసింది. సెల్లుల మీద రేడియో పెట్టి ఇంటి మెయిన్ ఆపండి. గరగర ఆగిపోతే తప్పు సెట్టుది కాదు, ఎల్‌.ఇ.డి. బల్బుదో ఫోను చార్జరుదో. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో మెయిన్ ఆపితే ఇన్వర్టర్ లేచి కూర్చుంటుంది, దాని రొద అన్నిటికంటే ఘోరం, కనుక దానినీ ఆపాలి. రొయ్యల చెరువుల దగ్గర ఉన్నవారు ఏరేటర్లు తిరగని వేళ చూసుకోవాలి. సెల్లులకు బదులు ఇంటి కరెంటుకు తగిలించే బ్యాటరీ ఎలిమినేటర్‌తో రేడియో వినేవారికి నేను సలహా చెప్పను.

అభ్యాసం: వరుసగా 7 రాత్రులు, 8 గంటలకు, 10 మెగాహెర్ట్జ్‌లో చైనా నుంచి సెకనుకొకసారి టిక్కుమనే కాల సంకేతాన్ని మూడు చోట్ల వినండి. మెయిన్ వేసిన ఇంట్లో ఒకసారి, మెయిన్ ఆపిన ఇంట్లో ఒకసారి, ఊరికి కనీసం ఒక కిలోమీటరు అవతల పొలం గట్టు మీద ఒకసారి. వినపడినంత మేర 0 నుంచి 5 వరకు మార్కులు వేసి నోటుబుక్కులో రాసుకోండి. 21 అంకెలూ పూర్తయ్యేదాకా వెనుక మూత తీయవద్దు.